ఆ 8 డాలర్ల లెక్క

సంపాదకుల వారికి,

అయ్యా,

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో, 1970ల్లో అమెరికా వెళ్ళిన తెలుగు డాక్టర్ల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. ఫొటోలు భలే ఉన్నాయి. బెల్‌బాటం ప్యాంట్లు, మంచులో చీర మీద కోటు, వెనకాల పడవంత కారు. అలాంటివి మా ఇంట్లోనూ ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. మాట్లాడిన నలుగురూ ఒకే మాటతో మొదలుపెట్టారు, జేబులో 8 డాలర్లతో దిగామని. వారిలో ఒకాయన అక్కడితో ఆగలేదు. ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు, అన్నీ నోటికి అందాలి, గ్రీన్‌కార్డు ఆలస్యమైతే చాలు గగ్గోలు పెడతారు అని కూడా అన్నారు.

అక్కడ పేపరు మడిచి పక్కన పెట్టాను. కాఫీ తాగి మళ్ళీ తీశాను. ఆయన అన్నది అదే.

నాకిప్పుడు 79 ఏళ్లు. 1963లో గుంటూరు మెడికల్ కాలేజీలో చేరాను, 1972 జూన్‌లో న్యూయార్క్‌లో దిగాను, 36 ఏళ్లు అక్కడ పని చేసి, మా ఆయన పోయాక తెనాలి వచ్చేశాను. నేనూ 8 డాలర్ల మనిషినే. మా అమ్మాయి పెళ్లిలో మైకు పట్టుకుని ఆ కథ చెప్పినదాన్నే. అందరూ చప్పట్లు కొట్టారు కూడా. కనుక ఆ నలుగురినీ తప్పు పట్టే అర్హత నాకు పెద్దగా లేదు. లెక్క తెలిసినదాన్ని కాబట్టి సరిచేద్దామని మాత్రం ఈ ఉత్తరం. పొడవైందనిపిస్తే మీ ఇష్టం వచ్చిన చోట కత్తిరించుకోండి. మా మరిది సంగతి ఒక్కటీ ఉంచండి. ఆయన మీ పేపరు రోజూ చదువుతాడు.

ముందు ఆ 8 డాలర్లేమిటో చెబుతాను. అది రిజర్వు బ్యాంకు పెట్టిన కొలత. దేశంలో విదేశీ మారకం కటకటగా ఉన్న రోజులు. వలస పోయే మనిషికి అంతకు మించి ఇచ్చేవారు కాదు. రైసు మిల్లు యజమాని కొడుకైనా, నాలా ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు కూతురైనా 8 డాలర్లే. అప్పటి రేటున 60 రూపాయలకు అటూ ఇటూ. బ్యాంకులో ఆ ముక్క పాస్‌పోర్టు చివరి పేజీల్లో రాసి ముద్ర కొట్టి ఇచ్చేవారు. విమానం టికెట్టు కొనాలన్నా పి ఫారమని ఒకటుండేది, దానికీ రిజర్వు బ్యాంకు అనుమతే. కాబట్టి బొంబాయి శాంతాక్రజ్‌లో విమానం ఎక్కిన ప్రతివాడి జేబులోనూ ఉన్నది 8 డాలర్లే. బడి పిల్లలందరూ ఖాకీ నిక్కర్లు వేసుకొస్తుంటే, ఒకడు లేచి 'చూశారా, నేను నిక్కరుతో వచ్చాను' అన్నట్టుంటుంది మేం చెప్పే కథ.

మరి టికెట్టు ఎవరు కొన్నారు? మా ఆయనది చెరుకుపల్లి. ఆయన టికెట్టుకు పొలం కౌలు డబ్బులు ముందే తెచ్చి ఇచ్చారు. నాదానికి మా వదిన కాసులపేరు తెనాలిలో తాకట్టుకు వెళ్ళింది. అన్నయ్య అడగలేదు, ఆవిడే మెడలోంచి తీసి రుమాల్లో కట్టి ఇచ్చింది. 'సంక్రాంతికి మా పుట్టింటికి వెళ్ళాలి, అప్పటికి పంపమ్మా' అని ఒక్క మాట మాత్రం అంది.

ఆ సంక్రాంతికి పంపలేదు. పంపలేకా కాదు. డిసెంబరులో మేం కారు కొన్నాం. మీరు ఫొటోలో వేసినలాంటి పడవే, పాతది. దాని పక్కన నిలబడి దిగిన ఫొటో తెనాలికి పంపాం. కాసులపేరు విడిపించే డబ్బు వెళ్ళేసరికి ఇంకో సంక్రాంతి కూడా దాటిపోయింది. ఆ రెండు పండగలకూ మా వదిన పమిట మెడ నిండా కప్పుకుని పుట్టింటికి వెళ్ళొచ్చిందని, ఆవిడ పోయాక వాళ్ళ చెల్లెలు చెబితే తెలిసింది నాకు.

అది టికెట్టు సంగతి. చదువు సంగతి మా మామగారు చెప్పారు. ఆయన పాతకాలపు కమ్యూనిస్టు. మేం బయలుదేరే నాటికి, బంగ్లాదేశ్ యుద్ధంలో అమెరికా వాడి ఎంటర్‌ప్రైజ్ నౌక బంగాళాఖాతంలోకి వచ్చి ఆరు నెలలు. 'ఆ నిక్సన్‌కి ఊడిగం చెయ్యడానికా' అని స్టేషనుకు కూడా రానన్నారు. ముందురోజు రాత్రి మమ్మల్ని కూర్చోబెట్టి, 'మీ చదువుకు డబ్బు కట్టింది మీ నాన్నా కాదు, నేనూ కాదు. ఈ జిల్లాలో అగ్గిపెట్టె కొన్న ప్రతివాడూ కట్టాడు' అన్నారు. అగ్గిపెట్టె మీద ఎక్సైజు సుంకం ఉండేది లెండి, దాని మాట. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. ఐదేళ్లకూ కలిపి నేను కట్టిన కాలేజీ ఫీజుతో ఆ రోజుల్లో ఒక స్కూటరు రాదు. న్యూయార్క్‌లో నాతో పనిచేసిన అమెరికన్ కుర్రాళ్లు చదువు అప్పులు పదేళ్లు తీర్చుకుంటూ కూర్చున్నారు. నాకు ఏ అప్పూ లేదు. అగ్గిపెట్టెల వాళ్ళు నోటు రాయించుకోలేదు కదా.

తమాషా ఏమిటంటే, అమెరికా అంటే అంత మండిపడే మామగారికి బోదకాలు. మా తీరప్రాంతంలో అది ఇంటికొకరికి ఉండేది. హౌస్‌సర్జన్సీ చేసేటప్పుడు హెట్రజాన్ మాత్రలు నేనే రాసిచ్చాను. అది అమెరికాలో లెడర్లీ కంపెనీలో పుట్టిన మందు, దాన్ని తయారుచేసిన పరిశోధన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ ముక్క ఆ రోజుల్లో నాకే సరిగా తెలీదు, పాఠంలో ఎవరూ చెప్పలేదు.

సుబ్బారావు గారి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మీ వ్యాసంలో 'అమెరికా తలుపు తట్టిన తొలి తరం' అని మమ్మల్ని రాశారు. అది తప్పు. ఆయన 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. అదే ఏడాది ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు, భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషికే ఆ గతి. అంతకు ముందు 1917లోనే మన వైపు దేశాల నుంచి కూలీల రాకకు గీత గీశారు. విద్యార్థిగా వెళ్ళారు కాబట్టి సుబ్బారావు గారికి దారి దొరికింది. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ చదివారు. భారతీయులకు పౌరసత్వం, ఏడాదికి వంద మందికి వలస అవకాశం ఇచ్చే చట్టం వచ్చింది 1946లో. ఆయన 1948లో పోయారు. ఇక్కడ వదిలి వెళ్ళిన భార్య శేషగిరి గారిని ఆయన మళ్ళీ చూడనే లేదు. ఆయన తెలివి ముందు మా తెలివి ఎంత, మా ఓపిక ఎంత? ఆయన దిగిన తేదీ వేరు, మేం దిగిన తేదీ వేరు, అంతే.

మా తేదీ ఎలా కుదిరిందో నాకు చెప్పింది ఒక నర్సమ్మ. బ్రూక్లిన్‌లో మేం చేరిన ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ హెడ్ నర్సు, నల్లజాతి ఆవిడ, సౌత్ కరోలినా నుంచి వచ్చింది. మూడు రాత్రులకొకసారి నాకు డ్యూటీ పడేది. ఒక రాత్రి ఒక పేషెంటు నా బొట్టూ జడా చూసి, నిజం డాక్టర్ని పిలవమంది. నర్సమ్మ దిండు సర్దుతూ, తలెత్తకుండానే, 'ఈ రాత్రికి ఉన్న నిజం డాక్టరు ఈవిడే, కావాలంటే పొద్దున దాకా నొప్పి ఓర్చుకో' అంది. ఆ చలికాలం నేను వేసుకున్న కోటు కూడా ఆవిడదే. నా దగ్గర ఉన్నది గుంటూరులో కుట్టించుకున్న స్వెటరు.

ఆవిడ ఒకసారి అడిగింది, మీ వాళ్ళను ఎప్పటి నుంచి రానిస్తున్నారు అని. 1965 చట్టం గురించి చెప్పాను. ఆ అక్టోబరు 3న ప్రెసిడెంటు జాన్సన్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పాదాల దగ్గర కూర్చుని సంతకం పెట్టాడని, అమెరికా ఖండాల బయట ఏ దేశానికైనా ఒకే లెక్కన ఏడాదికి 20,000 మందికి మించకుండా అన్నారని, డాక్టర్లూ ఇంజినీర్లూ లాంటి వాళ్ళకు మూడో వరసలో చోటిచ్చారని, పరీక్షకు చదివినట్టు చదివినవి ఒప్పజెప్పాను. ఆవిడ నవ్వి, 'ఆ మరుసటేడే మా అమ్మ మొదటిసారి ఓటేసింది. 61 ఏళ్లు ఆవిడకి' అంది. ఆ మాట వెంటనే తలకెక్కలేదు. తర్వాత అర్థమైంది. నల్లవాళ్ళు ఏళ్ల తరబడి దెబ్బలు తిని, జైళ్లకు పోయి, 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం తెచ్చుకున్నారు. మనుషుల్ని జాతిని బట్టి వరస పెట్టడం తప్పని చట్టంలోకి ఎక్కించింది వాళ్ళు. అది ఎక్కిన రెండు నెలలకు మా చట్టం వచ్చింది. వండింది వాళ్ళు, రెండో పంక్తిలో కూర్చుని తిన్నది మేము. మా వాళ్ళు కొందరు తర్వాత ఆ నల్లవాళ్ళ గురించే ఇళ్లలో ఎలాంటి మాటలు మాట్లాడారో ఇక్కడ రాయను. మీరు అచ్చు వెయ్యలేరు.

ఇక కష్టాలు లేవా అంటే ఉన్నాయి. కొన్ని నవ్వొచ్చేవి. విదేశీ డాక్టర్లకు అమెరికా వాళ్ళు పెట్టే పరీక్ష మన దేశంలో పెట్టనిచ్చేవారు కాదు, అందుకని 1971 మొదట్లో రామేశ్వరం వెళ్ళి, పడవెక్కి తలైమన్నార్‌లో దిగి, అక్కడి నుంచి రైల్లో కొలంబో వెళ్ళి రాశాం. అప్పటికది ఇంకా సిలోనే. పడవలో దారంతా వాంతులు. సముద్రం వల్ల అనుకున్నాను, ఊరికొచ్చాక చూస్తే కడుపులో పాప.

వీసా ఇచ్చేటప్పుడు మద్రాసులో ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్మును పెద్ద కవరులో పెట్టి, పెట్టెలో పడెయ్యకు, మడవకు, చేత్తో పట్టుకెళ్ళు అన్నారు. తెనాలి నుంచి బొంబాయికి రైల్లో, బొంబాయి నుంచి న్యూయార్క్‌కు విమానంలో, పసిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కవరు మూల నలిగితే వెనక్కి పంపేస్తారని మా ఆయన భయం. రాత్రి నిద్రలో నా చెయ్యి పక్కకు పడితే లేపేవారు. కెనెడీ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నా మొహం చూడకముందే ఫిల్ము తీసి దీపం కేసి పట్టుకుని నా ఊపిరితిత్తులు చూశాడు. పక్క వరసలో మా ఆయన ఊపిరితిత్తులు ఇంకొకాయన చూస్తున్నాడు. రెండు నిమిషాలు ఇద్దరం గాలిలో వేలాడాం. ఆ ఫిల్ము ఇప్పటికీ నా దగ్గర ఉంది. 26 ఏళ్ల పక్కటెముకలు.

ప్రతి జనవరిలో పోస్టాఫీసుకు వెళ్ళి, ఫలానా చోట ఉంటున్నామని కార్డు నింపి ఇవ్వాల్సి ఉండేది, పౌరులు కాని వాళ్ళందరూ. అద్దె ఇల్లు దొరకడం ఇంకో తంతు. ఫోనులో ఖాళీ ఉందనేవాళ్ళు, గుమ్మంలో మమ్మల్ని చూశాక ఇప్పుడే ఎవరో తీసుకున్నారనేవాళ్ళు. నేను కాన్పుల డాక్టరు కావాలనుకున్నాను, సీటు ఖాళీ ఉన్నది మత్తు విభాగంలో. అక్కడి కుర్రాళ్లు వద్దనుకున్న సీటు నాకు అన్నం పెట్టింది. రవ్వ దొరక్క క్రీమ్ ఆఫ్ వీట్‌తో ఉప్మా చేసిన కథ నేను చెప్పను. అమెరికా వెళ్ళొచ్చిన అమ్మమ్మ లేని వీధి లేదు తెనాలిలో, ఎవరినడిగినా చెబుతారు.

ఒక్కటి మాత్రం నవ్వుతూ చెప్పలేను. పాపకు తొమ్మిది నెలలప్పుడు అమ్మ దగ్గర వదిలి వెళ్ళాం. ఇద్దరికీ రాత్రి డ్యూటీలు, పిల్లను చూసేవాళ్ళు లేరు, ఒక ఏడాదికే కదా అనుకున్నాం. రెండేళ్ల నాలుగు నెలలైంది.

ఏరోగ్రామ్ ఉత్తరాలు నేటి పిల్లలకు తెలియవు. పల్చటి నీలం కాగితం, దాన్నే మడిచి అంటిస్తే అదే కవరు. లోపల ఇంకేమీ పెట్టకూడదని దాని మీదే రాసుండేది. పాపకు చెప్పులు కొని, వచ్చేవాళ్ళతో పంపిస్తాను, కొలత రాయమని అడిగాను. మా వదిన పాపను ఆ కాగితం మీదే నిలబెట్టి, కాలు చుట్టూ పెన్సిల్ గీసింది. కాగితం ఒకటే కాబట్టి, రాయాల్సిన సంగతులన్నీ ఆ కాలి చుట్టూ రాసింది. వానలు పడ్డాయి, గేదె ఈనింది, నాన్నకు దగ్గు తగ్గలేదు, పక్కింటి వాళ్ళు అమ్మేసి వెళ్ళారు, ఇవన్నీ మడమ దగ్గర మొదలై పాదం పక్కగా తిరిగి వచ్చాయి. మడత దగ్గర జిగురంటి నేను విప్పేటప్పుడు చిరిగి చిటికెన వేలు పోయింది. ఆ కాగితం జాగ్రత్తగా పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. అమ్మే కుర్రాడు దాన్ని చెప్పులో పెట్టి చూసి, ఎక్కడుంది పాప అని అడిగాడు. 8,000 మైళ్ళ అవతల అని చెప్పలేక, ఇంట్లో ఉందన్నాను.

అవి చేరేసరికి ఆ కాలికి ఆ చెప్పులు సరిపోలేదు. జై ఆంధ్ర ఉద్యమం రోజులు, రైళ్లు ఆగిపోయి ఉత్తరాలే నెల దాటి వచ్చేవి.

1974 అక్టోబరులో గుంటూరు వాళ్ళెవరో వస్తుంటే వాళ్ళతో పాపను పంపారు. మూడేళ్ల పిల్ల. ఎయిర్‌పోర్టులో ఏడవలేదు. కారులో నా పక్కన బుద్ధిగా కూర్చుని, 'మీరు అన్నం తిన్నారా?' అని అడిగింది.

మా వైపు పిల్లలు అమ్మను నువ్వు అంటారు. మీరు అనేది ఇంటికొచ్చిన పెద్దవాళ్ళను, డాక్టరు గారిని, బడి పంతులమ్మను. పాపం మా అమ్మ పిల్లకు మర్యాద నేర్పింది, వేరే ఇంటికి వెళ్ళినప్పుడు ఎలా మాట్లాడాలో అలాగే. నాకు మర్యాదగా వడ్డించమని అడిగేది, మర్యాదగా చాలనేది. రాత్రి వాళ్ళ అమ్మమ్మ కోసం దిండులో మొహం పెట్టుకుని, నాకు వినపడకుండా ఏడ్చేది. జనవరిలో ఒకరోజు, బూట్లు వేసుకోనని మొండికేస్తే వీపు మీద ఒకటేశాను. 'నువ్వు నాకొద్దు, పో!' అని అరిచింది. మా ఆయన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, విన్నావా, నువ్వు అంది, నువ్వు అంది అన్నారు. ఆ రోజు ఇద్దరం డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాం.

ఇప్పుడు మా మరిది సంగతి. మా ఆయన తమ్ముడు, గుంటూరులోనే మాకంటే ఏడేళ్లు వెనక. చదువులో మా ఇద్దరినీ కలిపినా ఆయనకు చాలం. బంగారు పతకం తెచ్చుకున్నాడు. 1976లో ఆయనా కొలంబో వెళ్ళి పరీక్ష రాసి మొదటిసారికే గట్టెక్కాడు. మరిది రావడానికి మా ఆయన ఏర్పాట్లు చేస్తున్నారు. ఆ అక్టోబరులో అమెరికా కాంగ్రెసు ఇంకో చట్టం చేసింది. మాకిక డాక్టర్ల కొరత లేదు అని అందులోనే రాసుకున్నారు. విదేశీ డాక్టర్లకు పాత పరీక్ష చాలదు, కొత్తది రాయాలన్నారు. 1977 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆయన కాగితాలు దాంట్లో చిక్కుకున్నాయి. కొన్నాళ్ళు చూశాడు, తర్వాత ఇక చాలన్నయ్యా అని రాసేసి, సర్కారు ఉద్యోగంలో చేరి రేపల్లె తాలూకాలో ఒక ప్రైమరీ హెల్త్ సెంటరుకు వెళ్ళాడు.

ఆ నవంబరు 19న తుపాను వచ్చింది. దివిసీమ ఉప్పెన అంటే మీ పాఠకులకు నేను చెప్పాల్సిన పని లేదు. కృష్ణకు ఇవతల మా వైపు తీరం కూడా ఊడ్చుకుపోయింది. ఆ శనివారమే ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ జెరూసలేం వెళ్ళాడు. మా టీవీలో ఏ మీట తిప్పినా సాదతే. మన సముద్రం గురించి పేపరు లోపలి పేజీలో చిన్న ముక్క చూశాం. ట్రంకాల్ బుక్ చేస్తే లైన్లు లేవన్నారు. మా ఆయన ఫోను పక్కనే కుర్చీలో పడుకున్నారు. ఆరో రోజున టెలిగ్రాం వచ్చింది, అందరూ క్షేమమని రెండే మాటలు.

ఆ ఆరు రోజులూ, తర్వాత 40 రోజులూ మా మరిది ఏం చేశాడో ఆయన ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. శవాలు, గొడ్ల కళేబరాలు, బావుల్లో ఉప్పునీళ్ళు, కలరా రాకుండా సూదులు. ఒక్కటి మాత్రం చెప్పాడు. బావిబావికీ బ్లీచింగ్ పౌడరు కలుపుతూ తిరిగితే, చొక్కాకు పట్టిన ఆ వాసన చాకలి ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదట, చివరకు ఆ చొక్కా కాల్చేశాడట. 1978లో మేం బ్రూక్లిన్ కోర్టులో చెయ్యెత్తి ప్రమాణం చేసి, మన పాస్‌పోర్టు వదులుకుని, అమెరికా పౌరులమయ్యాం. ఆయన ఇంకో చొక్కా కుట్టించుకుని అక్కడే ఉన్నాడు. 30 ఏళ్లకు పైగా ఆ చుట్టుపక్కలే పనిచేసి రిటైరయ్యాడు.

మా కష్టార్జితమే మమ్మల్ని అక్కడికి చేర్చిందంటే, మా మరిదిలో ఏం లోపముందో, మీ వ్యాసంలో ఇప్పటి పిల్లలకు ఓపిక లేదన్నాయన చెప్పాలి. ఏడేళ్లు ఆలస్యంగా పుట్టడం తప్ప నాకు కనిపించలేదు.

ఇప్పటి పిల్లల మాటా అంతే. మా పెద్ద తోటికోడలి మనవడు డాలస్‌లో ఉన్నాడు. గ్రీన్‌కార్డు వరసలో 13 ఏళ్లుగా నిలబడ్డాడు. మా రోజుల్లో, ఆ తొలి ఏళ్లలో, మన దేశానికి ఇచ్చిన 20,000 నిండేవే కావు. మేం దరఖాస్తు పెట్టిన ఏడాది లోపే పిలిచారు. అన్ని దేశాలకూ ఒకే కొలత అనే ఆ నియమం మాకు వరమైంది. ఉద్యోగాల మీద వచ్చేవాళ్ళకు 1990 చట్టం ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులు పెట్టి, ఏ ఒక్క దేశానికీ నూటికి 7 మించకూడదంది. చిన్న దేశానికీ 7, మన దేశానికీ 7. వెళ్ళేవాళ్ళు లక్షలు. మాకు తలుపు తీసిన నియమమే వీళ్లకు గడియ అయింది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో సామాను సర్దుకోవాలనే భయంతో ఇల్లు కొనాలా వద్దా, అమ్మకు బాగాలేదంటే వచ్చి వెళ్ళాలా వద్దా అని లెక్కలు వేసుకుంటున్నారు వాళ్ళు. 13 ఏళ్లు వరసలో నిలబడ్డవాడికి ఓపిక లేదనడం, ఏడాదిలో లోపలికి వెళ్ళి కూర్చున్న మాకు తగదు.

మీరు మళ్ళీ ఇలాంటి వ్యాసం వేస్తే, మాలాంటి వాళ్ళను జేబులో ఎంత ఉందని అడగకండి. టికెట్టు ఎవరు కొన్నారు, పిల్లను ఎవరు పెంచారు, ఏ నెలలో బయలుదేరారు అని అడగండి. ఆ జవాబులు ఫొటోల కింద వెయ్యండి.

మీ వ్యాసం వచ్చిన ఆదివారం పొద్దున్నే మా మరిది ఫోను చేశాడు. 'వదినా, పేపరు చూశావా? ఇంతకీ మీ 8 డాలర్లు ఏం చేశారు?' అన్నాడు. ఇద్దరివీ కలిపి 16 అబ్బాయ్, అన్నాను. ఎయిర్‌పోర్టుకు గుంటూరు సీనియరు ఒకాయన కారు తెచ్చాడు కాబట్టి టాక్సీకి ఖర్చు కాలేదు. నాలుగు రోజులు వాళ్ళ హాల్లోనే పడుకున్నాం, వాళ్ళింట్లోనే తిన్నాం. ఆసుపత్రిలో గది సిద్ధంగా ఉంది, జీతంలో కొంత ముందే ఇచ్చారు. మొదటిరోజు చేరామని చెరుకుపల్లికి టెలిగ్రాం ఇచ్చాం, డాలర్లు ఖర్చుపెట్టింది దానికే.

'ఆ టెలిగ్రాం అందుకుంది నేనే' అన్నాడు. సెలవులకు ఇంట్లో ఉన్నాడట. పోస్టుమాను అమెరికా నుంచి వచ్చిందని గుమ్మంలో కదలకుండా నిలబడితే జేబులోంచి రూపాయి మామూలు ఇచ్చి, బస్సెక్కి తెనాలి వెళ్ళి మా అమ్మకు చదివి వినిపించి వచ్చాడట. బస్సు చార్జీ సరే, అది ఊరికే పోనీ, ఆ రూపాయి మాత్రం ఇంకా రావాలన్నాడు.

డాలరు ఇస్తానన్నాను. వద్దు, రూపాయే కావాలన్నాడు.

ఇట్లు,
ఒక రిటైరైన మత్తు డాక్టరమ్మ,
తెనాలి.
(పేరు వెయ్యవద్దని మనవి. మా వదిన పుట్టింటివాళ్ళు ఇంకా మీ పేపరే చదువుతారు.)